ఏడు సెకన్ల మౌనం

వర్షితకు ఖాళీ అంటే గిట్టదు. నల్లగండ్ల నుంచి యూనివర్సిటీకి బస్సులో వెళ్తూ కూడా చెవిలో ఏదో ఒకటి మోగాల్సిందే. అక్కడ ఆమె టీచింగ్ అసిస్టెంట్. రామచంద్రం సార్ స్టాటిస్టిక్స్ పాఠాలను ఆన్‌లైన్ కోర్సుగా తయారుచేసే పని ఆమెది. సార్ "అర్థమైందా?" అని అడిగి ఏడు సెకన్లు ఊరకే నిలబడతారు. ఆ మౌనాలన్నీ వీడియోల్లోంచి వర్షిత కత్తిరించేసింది.

వీడియో చూసి సార్ మొహం చిట్లించారు. "అడిగినంక నేను జర ఆగుత గదా, అదేదమ్మా?"

"ఖాళీగున్నదని తీసేసిన సార్."

"గది ఖాళీ కాదు. పిల్లలు ఆలోచించేది గప్పుడే."

విసుక్కుంటూనే అన్నీ తిరిగి అతికించి, మొదటి పాఠం పెట్టి చూసింది. "అర్థమైందా?" అన్నారు వీడియోలో సార్.

రెండేళ్ల కిందట ఇదే సబ్జెక్టులో క్లాసు ఫస్టొచ్చిన వర్షిత, ఆ ఏడు సెకన్లలో మెల్లగా తల అడ్డంగా ఊపింది.