ఇద్రీస్ వీపు

ఇద్రీస్ ఎవరితో మాట్లాడినా వీపు పెట్టి మాట్లాడేవాడు. విశాఖ పాత టౌన్లో అతనిది రేకుపెట్టెల దుకాణం, దాన్నానుకుని నా సైకిల్ షాపు. ఏళ్ల స్నేహంలో నాకు అతని మొహంకన్నా బనీను చిరుగులే బాగా తెలుసు. "బావా, టీ తాగుతావేటి?" అని గోడని అడిగేవాడు. టీ మాత్రం నాకే వచ్చేది. నిఖా రోజున ఖాజీగారికి కూడా వీపు పెట్టేస్తే పెద్దవాళ్లు పట్టుకుని తిప్పాల్సి వచ్చిందని అతని భార్య జమాలున్నీసా చెప్పేది.

ఈ జబ్బు చిలకల వల్ల వచ్చింది. కరుస్తున్నాయని జనం వదిలించుకున్న చిలకల్ని తెచ్చుకుని మచ్చిక చేసుకోవడం అతని పిచ్చి.

"పంజరం దానిల్లు బావా. నీ ఇంట్లోకి ఎవుడో సెయ్యెట్టి తడివితే నువ్వు కరవ్వా? కళ్లెట్టి సూసేది పిల్లి. ఈపు సూపించేవోడు సుట్టం" అనేవాడు. అందుకని పంజరం తలుపు తీసిపెట్టి, అటు తిరిగి, పెట్టెలమీద రంగుపువ్వులు వేసుకుంటూ కూర్చునేవాడు.

డెబ్బైతొమ్మిది వానాకాలంలో మల్కాపురం నుంచి గవర్రాజు అనే అతను గోనె కప్పిన పంజరం మోసుకొచ్చాడు.

"మా బావ గంగరాజుదండి. పోర్టులో క్రేను నడిపేవోడు. ఆయన పోనాడు, ఇది మిగిలింది."

"కరుత్తాదా?" అన్నాడు ఇద్రీస్ గోడవైపు చూస్తూ.

"కరుత్తాది. దానికి భయం నేదు. మాటాడతాది, అదీ భయం."

గోనె తీశాడు. రెక్కమీద ఎర్రమచ్చ ఉన్న పెద్ద చిలక. ముక్కుతో ఊచమీద టక్ టక్ మని కొట్టింది. తర్వాత దగ్గింది. చుట్టలు తాగే మగమనిషి దగ్గు.

"పైడీ, తలుపు తియ్యే. తడిసిపోనాను."

గవర్రాజు అప్పటికే వీధిలో ఉన్నాడు. "పొద్దుగూకితే ఇదే వరసండి" అన్నాడు అక్కణ్ణించే. "మా అక్క పైడితల్లి లేచెళ్లి తలుపు తీత్తంది. వాకిట్లో ఎవులూ ఉండరు. దాని మెడ ఇరిసీమంటన్నారు వీధిలో వోళ్లు."

"ఇక్కడ ఒగ్గీసెళ్లు" అన్నాడు ఇద్రీస్.

ఇక మాకు సాయంత్రాలు నరకమైపోయాయి. ఓడ కూత వినపడగానే చిలక దగ్గేది. గంగరాజుతో పనిచేసిన ఒకాయన పెట్టె బేరానికి వచ్చి, ఆ గొంతు విని, చెప్పులు వదిలేసి వెళ్లిపోయాడు. మళ్లీ వాటికోసం రాలేదు. జమాలున్నీసా తాయెత్తు కట్టుకుంది, నాకూ ఒకటి కట్టింది. ఇద్రీస్ నీడ పడితే చాలు, చిలక ఊచలమీదికి దూకేది. అతను పండుమిరపకాయ ఒకటి పంజరం వాకిట్లో పెట్టి అటు తిరిగేవాడు.

ఓ సాయంత్రం కరెంటు పోయింది. పోర్టు వైపునుంచి తడిగాలి వచ్చి దుకాణం తలుపు కిర్రుమంది. చిలక ఈకలు నిక్కబొడుచుకుని "ఎవుల్రా అది?" అంది, చచ్చిపోయిన మనిషి గొంతుతో. గుమ్మంలో నిజంగానే ఎవరో నిలబడి ఉన్నారు. నేను తాయెత్తు గట్టిగా పట్టుకున్నాను.

"పెట్టి సేయించుకుందావని వచ్చాను సాయిబుగారూ" అంది ఆ ఆకారం. గంగరాజు భార్య పైడితల్లి.

"సేత్తాను సెల్లెమ్మా. వచ్చి సూసుకుంటుండు" అని ఇద్రీస్ గోడవైపు తిరిగాడు. ఆవిడ పంజరం పక్కన చాలాసేపు ఏదో గొణుక్కుంటూ నిలబడి వెళ్లింది.

ఆ పెట్టె ఎంతకీ తెమల్లేదు. ఒకరోజు మూత కుదరలేదన్నాడు, ఒకరోజు పువ్వు ఆరలేదన్నాడు. ఆవిడ బస్సెక్కి వస్తూనే ఉంది.

"ఒక్క పెట్టికి ఇన్నాళ్లేటి బావా?" అని కసిరాను.

"వానాకాలం. పువ్వు ఆరనేదు" అన్నాడు గోడతో.

పంజరం తుడవబోతే చిలక చీల్చిన బొటనవేలు ఆవిడ చూపించింది. "సెయ్యెట్టకు సెల్లెమ్మా. మిరపకాయ అక్కడెట్టి, నాలాగ అటు తిరిగి కూసో" అన్నాడు. ఆనాటినుంచి వీపులు రెండయ్యాయి. దారినపోయేవాళ్లకి ఇద్దరూ చిలకతో తగువు పెట్టుకున్నట్టు కనిపించేవారు.

చివరికి ఓ రోజు రేకుమీద గోళ్ల చప్పుడైంది. చిలక పంజరం దిగి, పెట్టెలమీదుగా నడిచి, పైడితల్లి కొంగు పట్టుకుని భుజమెక్కింది. ఆవిడ కదల్లేదు. అది ఆవిడ చెవి దగ్గర దగ్గి, "పైడీ, తలుపు తియ్యే" అంది.

"తీసే ఉంది. రా" అంది పైడితల్లి, ఆలస్యంగా ఇంటికొచ్చిన మగణ్ణి విసుక్కున్నట్టు. తర్వాత నవ్వింది. చిలక ఆవిడ జుట్టులో ముక్కు దూర్చి కళ్లు మూసుకుంది.

పువ్వు మర్నాటికే ఆరిపోయింది. పెట్టె, పంజరం రిక్షాలో పెట్టుకుని ఆవిడ వెళ్లాక ఇద్రీస్‌ని అడిగాను.

"పిట్టకి ఈపు సూపించావు, సరే. ఆవిడున్నంతసేపూ ఒక్కసారైనా ఇటు తిరగనేదేటి?"

"మొగుడూ పెళ్లాం మాటాడుకుంటంటే మద్దిలో నాను సూత్తానేటి బావా?" అన్నాడు.

టీ తెచ్చిన జమాలున్నీసా ఊరుకోలేదు.

"మరి నాతో మాటాడినప్పుడు అటెందుకు తిరుగుతావ్?"

ఇద్రీస్ టీ గ్లాసు అందుకున్నాడు.

"నువ్వు కరుత్తావ్" అన్నాడు గోడతో.