నల్లగుడ్డ మీద బంతిపూల దండ

కరోనా తగ్గి కాలేజీలు మళ్ళ తెరిచిన ఏడాది. సూర్యాపేటల ఒక కాలేజీ ల్యాబుల గాజు సీసాలు కడిగే ఆయాను నేను. చదివింది మూడో తరగతి. దామరచర్ల పిల్ల స్వరూప అక్కడ సీసాల ఆకుపచ్చ నాచు పెంచేది. ఒక్కొక్కటి ఒంటి కణం, కంటికి ఆనదు.

"దీన్ని సూసి ఏం సంపాదిస్తవే?" అన్న.

"అవ్వా, కణం రెండుగ, నాలుగుగ విడిపోతది. అంతకుముందు చెయ్యాల్సిన పనులకు లోపల్నే చిట్టీలు రాసుకుంటది. అదే ఆర్ఎన్ఏ. ఎప్పుడు ఎక్కువ రాస్తదో సూస్తున్న."

కణాలన్నీ ఒక్క తీరుగ నడిస్తేనే ఆ సంగతి తెలుస్తది. దాన్ని సింక్రొనస్ కల్చర్ అంటరు. వెలుతురుల పెరగాలె, చీకట్ల విడిపోవాలె. హాస్టల్ గేటు తొందరగ మూస్తరని, టైమర్ పెట్టి తెల్లారకముందే లైటు వెలిగించి, మధ్యాహ్నానికి బంద్ చేసి లైటుతో సహ సీసాల మీద నల్లగుడ్డ కప్పేది. దసరా కాంగనే ప్రాజెక్టు ఇయ్యాలె. అది మంచిగుంటేనే హైదరాబాదుల పరిశోధన సీటు.

ఆయుధ పూజ నాడు మా ల్యాబుల మిషన్లకు బొట్లు పెడతం. పవర్ ప్లాంట్ కాడ కూలి చేసే స్వరూప వాళ్ళమ్మ ఎల్లమ్మ దండ తెచ్చింది. స్వరూప గుడ్డ కప్పి హాస్టల్‌కు పోయింది. నేను నల్లా కాడ సీసాలు కడుగుతున్న. దండ ఏస్తనని లోపల్నే ఉన్న ఎల్లమ్మ బయటికొచ్చినంక తాళమేసి, ఆ రాత్రికి ఆమెను మా ఇంట్ల పండబెట్టుకున్న. ఉత్తగ లైటు వెలిగితే ఊకోని దాన్ని, ఆ పూట లోపలికి తొంగి సూడలే.

తెల్లారి ముగ్గురం పోయి తలుపు తీస్తే లైటు వెలుగుతున్నది. గుడ్డ మడతపెట్టి ఉన్నది, దాని మీద దండ.

"పండుగ పూట నా బిడ్డ పని చీకట్ల ఉంటదా అక్కా? నిన్ననే గుడ్డ తీసి నేనే వెలిగించిన," అన్నది ఎల్లమ్మ.

స్వరూప మైక్రోస్కోపుల సూసింది. కొన్ని విడిపోయినయంట, కొన్ని ఉబ్బి అట్లనే ఉన్నయంట. మళ్ళ ఒక్క తీరుకు తెచ్చే గడువు లేదు.

"ఎట్లున్నయి బిడ్డా?"

"మంచిగ పెరిగినయమ్మా," అన్నది, తల ఎత్తకుండ.

సీటు రాలే. స్వరూప ఇప్పుడు మిర్యాలగూడ రైస్ మిల్లుల వడ్ల తేమ సూస్తది. ఆ నౌకరి దండ పుణ్యమేనని ఎల్లమ్మ నమ్మకం. ఆనాడు ఎల్లమ్మను కూసోబెట్టి, గుడ్డ ఎందుకు కప్పుతరో నేను ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది. ఇప్పుడు ల్యాబుకు ఎవలొచ్చినా ముందు అదే చెప్త.

ప్రతి దసరాకు దండ పంపుతది ఎల్లమ్మ. తీసుకుంట. బయటి తలుపుకు కడత.