వంక మలుపు దగ్గర ఎర్రగుడ్డ

మా తమ్ముడు పోయిన నెలలో కన్నుమూశాడు. మూడు రోజుల జ్వరం. నాలుగో రోజు తెల్లవారి ప్రార్థనకు లేపబోతే లేవలేదు. ఆదోనిలో చాలామందికి అతను జిన్నింగు మిల్లు ఫిట్టరుగా కన్నా, మోటారు సైకిళ్ల పందెంలో వంక మలుపు దగ్గర ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడే మనిషిగానే తెలుసు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ పందెం పెద్దదేమీ కాదు. పత్తి పని ముగిశాక, మిల్లులకు సెలవిచ్చిన రోజు, ఇక్కడి మెకానిక్కులూ లారీ డ్రైవర్లూ ఎమ్మిగనూరు వాళ్లతో కలిసి పెట్టుకునేది. అన్నీ యుద్ధం నాటి పాత బండ్లు. ఎమ్మిగనూరు రోడ్డు మీద మూడుసార్లు పోయి రావాలి. వానలకు మాత్రమే పారే వంక దగ్గర రోడ్డు ఒక్కసారిగా తిరుగుతుంది. తుమ్మచెట్ల చాటున ఎదురొచ్చే ఎద్దులబండి కనపడదు. అలాంటిది వస్తే మా తమ్ముడు గుడ్డ ఎత్తాలి, వాళ్లు ఆగాలి. అంతే పని.

ఆ రోజంటే నాకు ఏటా భయమే. ఒకసారి అడిగాను.

"ఆ ఎండలో నిలబడి ఏం సాధిస్తావురా? బండి వచ్చి నీ మీదే పడితే?"

"తోలేవానికి మలుపవతల కనపడదక్కా. నాకు కనపడతాది. కనపడేవాడు ఇంట్లో కూసుంటే ఎట్ల?"

"ఊర్లో కండ్లున్నోడివి నువ్వొక్కడివేనా?"

నవ్వి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఒక ఏడు కీడు జరిగింది. మలుపు పక్కన నాలుగైదు కూలివాళ్ల గుడిసెలున్నాయి. ఎవరో కంపకంచె మీద ఎర్రచీర ఆరేశారు. రెండుసార్లు దాన్ని చూసి అలవాటుపడ్డ ఒక డ్రైవరు, మూడోసారి తమ్ముడు గుడ్డ ఎత్తితే అదీ చీరే అనుకున్నాడు. ఆగలేదు. ఎద్దులను తప్పించబోయి వంకలో పడ్డాడు. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. ఎవరి తప్పూ కాదని అందరూ అన్నారు. తమ్ముడు మాత్రం వారం రోజులు సరిగా అన్నం తినలేదు. "కంచె సూసుకోవాల్సింది నేనే" అన్నాడు, ఒకే ఒక్కసారి.

మరుసటి ఏటి నుంచి పందెం ముందురోజు ఆ గుడిసెలన్నీ తిరిగేవాడు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. ఒక ముసలామె చేట పక్కన పెట్టి ఆటపట్టించింది.

"ఏమప్పా, మీ మొగోళ్ల పందేనికి మా కోకలు ఆరగూడదా?"

"పచ్చది ఆరెయ్ పెద్దమ్మా, నల్లది ఆరెయ్. ఎర్రది ఒక్కటే వద్దు."

"నాకు మంచిది ఎర్రదొకటే గదప్పా."

"అయితే రేపు ఉతకొద్దు."

"మా అత్త గూడ నన్ను ఇట్ల కట్టడి సెయ్యలేదు" అని పకపకా నవ్వింది.

ఈ ఏడు అతను పోయిన పద్దెనిమిదో రోజున పందెం వచ్చింది. లారీ తోలే మా పెద్దవాడు ముందే పేరిచ్చి ఉన్నాడు. వద్దంటే, "మామ ఉంటే వద్దనేవాడా?" అన్నాడు. మామ లేడనే కదా నా భయం. మలుపు దగ్గర ఎవరుంటారని పందెం పెట్టేవాళ్లను అడిగాను. "ఎవరో ఒకరు ఉంటార్లేక్కా" అన్నారు. గుడిసెలకు ఎవరూ వెళ్లి చెప్పలేదన్న సంగతి ఆ పొద్దున గానీ నాకు తట్టలేదు.

అతని చొక్కా జేబులో గుడ్డ మడత మడతగానే ఉంది. తీసుకుని నడిచాను. దారంతా ఒకటే ప్రార్థన: ప్రభువా, కంచె మీద ఏమీ ఉండనీయకు.

మలుపు దగ్గర ఎవరూ లేరు. అతను నిలబడే చోట నిలబడ్డాను. అవతలి రోడ్డు చాలా దూరం కనపడింది. ఒకసారి కనపడ్డాక ఇంటికి పోవడానికి కాళ్లు రాలేదు.

రెండోసారి బండ్ల మోత దగ్గరవుతుండగా అవతల నుంచి గడ్డిబండి వచ్చింది. గుడ్డ ఎత్తాను. ముందున్న మోటారు సైకిలు దుమ్ము లేపుకుంటూ జారి, నాకు బారెడు దూరంలో ఆగింది. తోలుతున్నది మా వాడే. గుడ్డను చూశాడు, నన్ను చూశాడు, తల దించుకున్నాడు.

రోడ్డు మీంచి చూపు తిప్పితే ఏ బండి వస్తుందోనని, గడ్డిబండి దాటిపోయాక గానీ నేను కంచెల వైపు తిరిగి చూడలేదు. పచ్చవి, నల్లవి, తెల్లవి గాలికి ఊగుతున్నాయి. ఎర్రది ఒక్కటీ లేదు. ఆ ముసలామె, మాసిన ఎర్రచీరతో, గడప లోపలే కూర్చుని ఉంది.