అబిడ్స్ గదిలో చేపలామె గొంతు

అబిడ్స్‌లో ఒక పాత భవనం మూడో అంతస్తులో మా గది. కింద చెప్పుల దుకాణం, పైన మేము. నేనూ, సౌండ్ రికార్డు చేసే నా మిత్రుడూ చాలా ఏళ్లుగా అక్కడే కూర్చుని డాక్యుమెంటరీలు తయారు చేస్తున్నాం. నేను కోస్తా నుంచి ఉద్యోగం కోసం వచ్చి గన్‌ఫౌండ్రీలో స్థిరపడిన గుమాస్తా గారి మనవరాలిని. అతనిది నాంపల్లిలో తరతరాలుగా బట్టల వ్యాపారం చేసిన కుటుంబం. నాకంటే కొంచెం చిన్నవాడు, అక్కా అంటాడు.

నగరం అంచున ఉన్న ఒక చెరువు మీద మేం సినిమా తీశాం. ఫ్యాక్టరీల నీళ్లు కలిసి ఆ చెరువు నురగలు కక్కేది. చేపలు వెల్లకిలా తేలేవి. అక్కడ చేపలు అమ్మే ఒక పెద్దావిడ మాకు బాగా దగ్గరైంది. మేం ఎప్పుడు వెళ్లినా గట్టు మీదే ఉండేది. నా మిత్రుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఆమెకు నవ్వొచ్చేది.

"ఏం బిడ్డా, గా డబ్బాలు చెవులకు పెట్టుకొని ఏం ఇంటున్నవ్? చేపలు ఏమన్న చెప్తున్నయా?"

"చెప్తున్నయ్ పెద్దమ్మా. నీ మీదనే ఫిర్యాదు," అనేవాడు.

షూటింగ్ అయిపోయిన తర్వాతి చలికాలంలో ఆమె పోయింది. మాకు తెలిసేసరికి దినాలు కూడా అయిపోయాయి. మేమప్పుడు ఎడిటింగ్‌లో ఉన్నాం. ఆ ఉదయం ఫోన్ పెట్టేసి మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగితే, తెర మీద ఆమె నోరు సగం తెరిచి ఆగి ఉంది. కాసేపు ఇద్దరం దాన్ని కదపలేకపోయాం. తర్వాత అతనే బటన్ నొక్కాడు. ఆమె మాట పూర్తి చేసింది.

అలా కొన్ని నెలలపాటు రోజూ ఆమెతోనే గడిపాం. ఒకే మాటను పదే పదే వింటాం కదా, ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో, ఏ మాట దగ్గర గొంతు జీరబోతుందో మాకు కంఠతా వచ్చేసింది. మధ్యాహ్నం టీ తాగడానికి మెట్లు దిగుతుంటే, వెనక నుంచి "జర పైలం బిడ్డా" అన్నట్టు వినిపించి నేను చాలాసార్లు ఆగిపోయాను. మేం గట్టు దిగేటప్పుడు జాగ్రత్త చెబుతూ ఆమె అనే మాట అది. అతనికీ వినిపిస్తుందా అని నేనెప్పుడూ అడగలేదు. కానీ ఒకరోజు అతను కూడా అదే మెట్టు మీద ఆగి తల తిప్పడం చూశాను.

సినిమాలో అందరికీ గుర్తుండిపోయేది ఆమె దగ్గు. నురగ మీద నుంచి గాలి కొడుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆగకుండా దగ్గుతుంది. కెమెరా అలాగే నిలబడి చూస్తుంది. ఎక్కడ ప్రదర్శించినా ఆ చోటికి వచ్చేసరికి హాలు బిగుసుకుపోయేది.

నాంపల్లిలో ఒక చిన్న హాల్లో సాయంత్రం ప్రదర్శన పెట్టారు. తర్వాత మాతో చర్చ. ఆమె కూతురు అబిడ్స్‌లోనే చీరల దుకాణంలో పనిచేస్తుందని తెలిసి, నా మిత్రుడు వెళ్లి పిలిచాడు. దుకాణంలో చెప్పి కొంచెం ముందుగా వచ్చింది. ముప్ఫై దాటని మనిషి, అచ్చం తల్లి నుదురే. చివరి వరసలో కూర్చుంది. దగ్గు మొదలవగానే లేచి బయటికి వెళ్లిపోయింది. తెర వెలుతురులో తలుపు తెరుచుకుని మూసుకోవడం మేమిద్దరం చూశాం.

చర్చలో ఎప్పటి ప్రశ్నలే వచ్చాయి. జనంతో కలిసి ఎలా పనిచేస్తారు, బెదిరింపులు వస్తాయా, కెమెరా చూస్తే వాళ్లు మారిపోరా. నేను అలవాటైన జవాబులు చెబుతున్నాను. బషీర్‌బాగ్ కాలేజీ నుంచి వచ్చిన ఒకమ్మాయి అడిగింది.

"మీ సినిమా వల్ల ఆ చెరువు బాగుపడిందా?"

"కొన్నాళ్లు ఫ్యాక్టరీల నీళ్లు వదిలే పైపు మూశారు," అన్నాను. "మళ్లీ తెరిచారు. ఇప్పుడు చెరువు చుట్టూ ఉన్నవాళ్లు సంఘం పెట్టుకుని దాన్ని మూయమని అడుగుతున్నారు. వాళ్లు అడిగిన ప్రతిచోటా ఈ సినిమా చూపిస్తున్నాం."

అప్పుడు తలుపు దగ్గర నుంచి గొంతు వచ్చింది. ఒక్క క్షణం సినిమా మళ్లీ మొదలైందేమో అనుకున్నాను. కూతురిది గొంతు కూడా తల్లిదే.

"నాదొక మాట మేడం. మా అమ్మ ఇంకా ఎన్నిసార్లు దగ్గాలె?"

ఆమె గట్టిగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. నా మిత్రుడు మైకు బల్ల మీద పెట్టి, వేదిక దిగి, కుర్చీల మధ్యగా ఆమె దగ్గరికి నడిచి వెళ్లాడు. చర్చ అక్కడితో ముగిసింది.

హాలు నుంచి నాంపల్లి స్టేషను వైపు మేమిద్దరం నడిచాం. దారిలో అతనే అన్నాడు.

"అక్కా, గా సీను తీసేద్దాం."

"తీసేస్తే ఏం మిగులుతుంది?" అన్నాను. "అది చూసే కదా జనం కదిలేది. సంఘం వాళ్లు కూడా అదే చూపించమంటారు."

"కదుల్తరు, ఔ. కానీ గామె బతికినన్ని రోజులు దగ్గుకుంటనే ఉన్నదా? మనం చూసిన మనిషి గట్లనా?"

బస్సుల హారన్ల మధ్య అతను మళ్లీ అన్నాడు, "గామె బిడ్డను అడుగుదాం. మనం తీసింది మొత్తం చూడనియ్యి."

మర్నాటి నుంచి కూతురు భోజనం వేళ మా గదికి రావడం మొదలుపెట్టింది. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. సినిమాలో వాడనిదంతా చూపించాం. వల మీద కాలేసినందుకు తల్లి నన్ను తిట్టడం, బేరం తెగని మనిషిని వెనక్కి పిలవడం, ఎండలో కునుకు తీయడం. చూస్తూ చూస్తూ తినేది. ఒకచోట తల్లి ఎవరినో వెక్కిరిస్తూ నడిచి చూపిస్తుంటే, నవ్వి నవ్వి కూతురికి అన్నం పొలమారింది. నీళ్లిచ్చాను. కళ్లు తుడుచుకుని అంది:

"దవాఖానల పండుకున్న మొఖమే యాదికొస్తుండె నాకు. గిట్ల నడిచేదని మరిచిపోయిన."

"చెరువు వల్లనేనా అమ్మ..." అని అడగబోయి ఆగాను.

"ఎవరు చెప్పలే మేడం. వయసు అన్నరు ఒకరు, గాలి అన్నరు ఒకరు. మీ సినిమాల చూస్తే చెరువే అనిపిస్తది. అయి ఉండొచ్చు. నాకు తెల్వదు."

ఆ మాట తర్వాత నాకు వాదించాలనిపించలేదు. దగ్గు తీసేసి, నన్ను తిట్టే దృశ్యం ఆ చోట పెట్టాం. ఎంచుకున్నది కూతురే.

కొత్త కూర్పు కోసం శబ్దాలు సరిచేస్తుండగా నా మిత్రుడు ఉన్నట్టుండి పని ఆపాడు. ఎక్కడికి వెళ్లినా అతను ఆ చోటి నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేస్తాడు. మాటల మధ్య ఖాళీల్లో దాన్ని పరుస్తారు. అప్పుడే అన్నీ ఒకే చోట జరిగినట్టు అనిపిస్తుంది. చెరువు గట్టున అలా తీసిన నిశ్శబ్దాన్నే సినిమా అంతా వాడాం. హెడ్‌ఫోన్లు తీసి నాకిచ్చాడు. నీళ్ల చప్పుడు, దూరంగా లారీ, వాటి కింద సన్నగా పిల్లికూతతో ఒక ఊపిరి. అది తీస్తున్నప్పుడు పెద్దావిడ అతని పక్కనే కూర్చుని ఉంది. మాట్లాడొద్దంటే మాట్లాడకుండా కూర్చుంది.

అంటే ఆమె కనబడని దృశ్యాల్లో కూడా ఆమె ఉంది. ఫ్యాక్టరీ గోడ మీద, ఖాళీ పడవ మీద, మా పేర్లు వచ్చే చోట కూడా. ఇన్నిసార్లు చూపించాం, ఇన్ని హాళ్లలో ఆమె ఊపిరి వినబడింది, మాకే తెలియలేదు.

మర్నాడు కూతురికి చెప్పాం. దీన్నీ తీసేయమంటే మళ్లీ చెరువుకు వెళ్లి కొత్తగా రికార్డు చేస్తామన్నాం. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. అయిపోయాక, మళ్లీ పెట్టమని చేత్తోనే సైగ చేసింది. భోజనం వేళ దాటిపోయినా లేవలేదు.

"ఇది ఉండనియ్యిన్రి అన్నా," అంది చివరికి. "ఇది ఎవ్వలకు కనబడదు. ఉన్నట్టు మనకే తెలుస్తది."

కొత్త కూర్పును మొదట చెరువు పక్కన సంఘం వాళ్ల రేకుల షెడ్డులో చూపించాం. తిట్లు విని అందరూ నవ్వారు. కొందరు పెద్దవాళ్లు దగ్గు ఏమైందని అడిగారు, అది లేకపోతే అధికారులకు ఎలా తెలుస్తుందని కొంచెం కోపంగానే అడిగారు. కూతురు లేచి, నేను చెప్తా అంది. అప్పటినుంచి కుదిరినప్పుడల్లా ప్రదర్శనలకు మాతో వస్తోంది. తల్లి గురించి తక్కువ, నీళ్ల గురించి ఎక్కువ మాట్లాడుతుంది. పైపు ఇంకా తెరిచే ఉంది.

మేం వేరే పనిలో పడ్డాం. ఒక మధ్యాహ్నం మా వరండా చివరి గదిలో బట్టలు కుట్టే పెద్దాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. అంతకుముందు మా గుమ్మం తొక్కింది లేదు, ఎదురుపడితే తల ఊపడమే.

"మీ అమ్మ ఊరికి పోయిందా?" అని అడిగాడు.

"మా అమ్మా?"

"ముసలామె. దినాం మాట్లాడుతుండె కదా మీతోని. గొంతు వినబడక చాన రోజులాయె. పానం మంచిగున్నదా అని ఫికరైంది."

నా మిత్రుడు కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోమన్నాడు. జరిగింది చెప్పాడు. ఆయన అంతా విన్నాడు, తెరల వైపు చూశాడు, కుర్చీ అంచున అలాగే కూర్చున్నాడు.

"చెరువు, చేపల గురించి చెప్తుండె," అన్నాడు కాసేపటికి. "మిషన్ ఆపి ఇంటుంటి నేను."

తర్వాత లేచి తన గదికి వెళ్లిపోయాడు. వరండా అవతల కుట్టుమిషన్ చప్పుడు మొదలవుతుందేమోనని ఎదురుచూశాం. చాలాసేపు మొదలవలేదు.