పన్నెండు అడుగులకొక గుంజ

నారాయణపేటలో మా వీధిలో చేతిమగ్గం ఆడే ఇల్లు ఇప్పుడు ఒక్కటే మిగిలింది. తెల్లవారి నడకకు బయలుదేరి ఆ ఇంటి ముందుకు వచ్చేసరికి కాస్త పులుపు, కాస్త కట్టెపొగ కలిసిన గంజి వాసన ముక్కుకు తగులుతుంది. అక్కడ ఒక్క క్షణం ఆగుతాను. మోకాలికి కూడా ఆ విశ్రాంతి కావాలి.

నా చిన్నప్పుడు ఆ వాసన వీధి మొత్తానిది. పొద్దు పొడవకముందే మగవాళ్లు వీధి పొడవునా, పన్నెండు అడుగులకొకటి చొప్పున, కర్ర గుంజలు పాతి, వాటి మీద చీరకు నిలువు దారమయ్యే పడుగును చాచి, గంజి పట్టించి పెద్ద కుంచెలతో దువ్వేవారు. ఆడవాళ్లు ఆ పక్కా ఈ పక్కా నడుస్తూ తెగిన పోగులు అతికేవారు. దసరా ముందు పని మరీ ఎక్కువ. ఒక చేత్తో పోగు, ఒక చేత్తో సత్తుపిండి ముద్ద. మేము పడుగు కింద నుంచి దూరి ఆడుకుంటుంటే, అందరికంటే ముందు మా అవ్వ గొంతే వినిపించేది: "తల తాకిందంటే తోలు దీస్త, జూడు!" అవ్వ నాయినకు తల్లి. ఒక్క పడుగు ఆరేలోగా ఆ చివరికీ ఈ చివరికీ ఎన్నిసార్లు తిరిగేదో లెక్కే లేదు. ఎవరి పోగు ఎక్కడ తెగిందో నడుస్తూనే చెప్పేది, నడుస్తూనే తిట్టేది, నడుస్తూనే నవ్వించేది.

బాబాయికి పెళ్లయి చిన్న కోడలు ఇంటికి వచ్చాక అవ్వ నడక ఆగిపోయింది. మా ఇళ్లలో అదొక మర్యాద. కోడళ్లందరూ వచ్చాక కూడా అత్త పడుగు వెంట తిరుగుతుంటే కొడుకులకు చిన్నతనం. నాయిన కొత్త నవారు మంచం తెచ్చి వాకిట్లో వేశాడు.

"ఇగ నువ్వు కూసో అమ్మా. కోడండ్లు జూస్కుంటరు."

"నన్ను గూసోబెట్టి కొబ్బరికాయ గొడ్తరా? నేనేమన్న గుట్ట మీది నర్సింహసామినా?" అని అవ్వ నవ్వింది. నవ్వి కూర్చుంది. అప్పటికి ఆమెకు ఏభై అయిదో ఏభై ఆరో. ఇప్పటి నాకంటే చిన్నది.

అన్నం మంచం దగ్గరికి, నీళ్లు మంచం దగ్గరికి. ఎండాకాలం దాటి వానాకాలం వచ్చింది. ఒక ఉదయం గంజి తడి ఆరని పడుగు మీద ఉన్నట్టుండి చినుకులు పడ్డాయి. ఇంటిల్లిపాదీ దాన్ని చుట్టడానికి పరుగెత్తింది. అలవాటు కొద్దీ అవ్వ కూడా లేవబోయి, మోకాళ్లు నిలవక, మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడింది. నేను వెళ్లి చెయ్యి అందించాను.

"లెవ్వస్తలేదు బిడ్డా. కాళ్లు నాయి గాకుంట అయినయి," అంది. అవ్వ ఏడవగా చూడడం నాకదే మొదలు.

మరునాడు పడుగు ఎత్తాక, గుంజలు పీకకముందే నన్ను పిలిచింది. "జర చెయ్యియ్యి. గా మొదటి గుంజ దాక పోయొద్దాం."

నాయినకు కోపం వచ్చింది. "బజారంత జూస్తాంది అమ్మా. ముసలి తల్లిని నడిపిస్తున్నరంటరు."

"జూడనియ్యి కొడుకా. రేపు నన్ను ఎత్తి గూసోబెట్టాల్సొస్తే బజారొస్తదా?"

ఆ రోజు అవ్వ ఒక గుంజ దాకా వెళ్లింది. నేను బడి నోటుపుస్తకం చివరి పేజీలో "అవ్వ, ఒక గుంజ" అని రాసుకున్నాను. ఇన్నేళ్లుగా తప్పకుండా రాస్తున్న నా డైరీల్లో మొదటి వాక్యం అదే.

పని అయిపోగానే గుంజలు పీకి గోడకు ఆనించడం వీధి కట్టుబాటు. ఆ సాయంత్రం మాత్రం మా ఇంటి ముందు గుంజలు అలాగే నిలబడి ఉన్నాయి. తర్వాత చాలా రోజులు ఉన్నాయి. బండ్లవాళ్లు తిట్టారు, నాయిన మాటలు పడ్డాడు గానీ గుంజలు పీకలేదు. అవ్వ ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకుంటూ రెండు, మూడు, అయిదు గుంజలు దాటింది. దసరా ముందటి పడుగుకు ఈ చివరి నుంచి ఆ చివరికి దేన్నీ పట్టుకోకుండా నడిచి, చిన్నమ్మ అతికిన పోగుకు వంక పెట్టింది. అప్పుడు మా ఇల్లు మళ్లీ మా ఇల్లయింది.

పుట్టిందీ మెట్టిందీ ఈ వీధిలోనే కాబట్టి, కోస్గి బడిలో పంతులమ్మగా రిటైరయ్యాక ఇక్కడే ఉన్నాను. కొడుకు మెత్తటి కుర్చీ కొన్నాడు. కోడలు చాయ్ అక్కడికే తెచ్చేది. ఏడాది తిరక్కుండా ఒకరోజు ఆ కుర్చీలోంచి లేవడానికి కోడలి భుజం అవసరమైంది. ఆ రోజు డైరీ మూసి, వీధిలోకి దిగాను. మొదటి వారం నడక మా గేటు నుంచి ఒక్క గుంజే.

మొన్న కోడలు నా డైరీ చూసి అడిగింది: "ఏడు గుంజలు అని రాసినవు. ఏడున్నయి అత్తమ్మా గుంజలు?"

వీధికి సిమెంటు పోశాక గుంజ దిగే మట్టే లేదు. పడుగులు మిషను మీద తయారై వస్తున్నాయి; ఆ ఒక్క ఇంట్లోనే పెరట్లో ఇంకా గంజి కాస్తారు. నా అడుగుల లెక్కలో తప్ప గుంజలు ఎక్కడా లేవని చెప్పి, అవ్వ సంగతంతా చెప్పాను. విని, గేటు దాకా వెళ్లి వీధిని ఆ చివరి దాకా చూసి వచ్చింది.

ఈ రోజు పొద్దున తలుపు తీస్తే, సిమెంటు మీద, ఆ గంజి వాసన ఇంటికి అవతల దాకా, పన్నెండు అడుగులకొకటి ముగ్గుపిండి గీతలున్నాయి. లెక్కపెట్టాను. ఎనిమిది. నిన్న నేను నడిచినదానికంటే ఒకటి ఎక్కువ.