బిందెల వరుసలో ఫుట్‌బాల్

మా జడ్చర్లలో ఆడపిల్లల ఫుట్‌బాల్ చూడడానికి వచ్చేవి మేకలు. అవీ గడ్డి కోసం. తొంభైల మొదట్లో మాట, నేను తొమ్మిదో తరగతి. మగపిల్లల ఆటకు గోడలెక్కి కూర్చునే ఊరికి, మేం దిగగానే ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ ఏడు పాలమూరు నుంచి వచ్చిన ఆటల అధికారి మా డ్రిల్లు సారుకు తెగేసి చెప్పాడు. "చూసేటోళ్లే లేని ఆట ఎందుకు సారూ? శుక్రవారం మ్యాచుకు గూడ గిట్లనే ఉంటే, వచ్చే ఏడు ఆడపిల్లల టీము బంద్."

బంద్ అంటే నా ప్రాణం పోయినట్టే. ఆ మైదానంలో తప్ప ఇంకెక్కడా నన్ను పరుగెత్తనిచ్చేవాళ్లు కాదు.

ఎండలు ముదిరి బోర్లు ఎండిన రోజులవి. మా బాపు పంచాయతీ నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. అది ఎక్కడ ఆగితే ఊళ్లో ఆడవాళ్లంతా అక్కడే. నాకు ఉపాయం తట్టింది.

"బాపూ, చూసేటోళ్లు రాకుంటే మా ఆట బంద్ జేస్తరంట. శుక్రవారం మా మైదానం కాడ ఆపుతవా? ఆట నాలుగింటికి. గప్పుడే వస్తనని చెప్పు గని, అయిదింటికి రా."

బాపు నవ్వి సరేనన్నాడు.

శుక్రవారం నాలుగింటికల్లా మైదానం గీత పొడవునా బిందెలు వరుస కట్టాయి. బిందె పెడితే జాగా ఖాయం. దాన్ని ఎవరైనా జరిపితే జుట్లు పట్టుకోవడమే. అంత జనాన్ని చూసి, మ్యాచుకొచ్చిన అధికారి కలం తీసి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

ఆట మొదలైన కాసేపటికే నేను తన్నిన బంతి ఒక పెద్దమ్మ స్టీలు బిందెకు సొట్ట పెట్టింది. ఆమె బంతిని ఒళ్లో పెట్టుకుని కదలనంది. "సొట్ట తీసినంకనే బంతిస్త. గప్పటిదాక ఉత్తకాళ్లతోటి ఆడుకోండ్రి!" మా సారు బిందెలో చెయ్యి పెట్టి, పిడికిలితో గుద్ది గుద్ది సొట్ట తీశాకే ఆట కదిలింది.

సగం ఆట అయిందో లేదో, ట్యాంకరు హారను! గంట ఆగి రమ్మంటే అరగంటకే దిగాడు బాపు. జనం బిందెలెత్తుకుని ఒక్కటే ఉరుకుడు. అధికారి కలం జేబులో పెట్టేసుకున్నాడు. బాపును అక్కడికక్కడే కడిగేద్దామన్నంత కోపమొచ్చింది నాకు.

బాపు మాత్రం నల్లా విప్పలేదు. ట్యాంకరెక్కి కూర్చుని, "ఆట అయినంకనే నీళ్లు" అన్నాడు. ఆడవాళ్లు మా ఏడుతరాలనూ తిట్టి, మళ్లీ గీత దగ్గరికొచ్చి మా మీద పడ్డారు.

"ఓ పోరీ, జల్ది కొట్టవే! ఇంట్ల ఎసరు పెట్టాలె!"

"ఎవలన్న ఒకలు ఓడిపోండ్రే, పుణ్యముంటది!"

అంతలో ఎదుటి జట్టు గోల్ కొట్టింది. ఇక ఆట అయిపోయిందనుకుని మా ఊరివాళ్లే చప్పట్లు కొట్టారు, సిగ్గులేకుండా! ఇంకా ఉందని తెలిశాక వాళ్లు అరిచిన అరుపులకు చెవులు చిల్లులు పడ్డాయి. అదంతా ఆట మీది మోజనుకుని అధికారి కలం మళ్లీ బయటికి తీశాడు.

మేం ఓడిపోయాం. అధికారి మాత్రం సారు చెయ్యి పట్టుకుని ఊపుతూ, "గింత జనం మొగపిల్లలకు గూడ రారు. వచ్చే ఏడు టీముండాలె" అన్నాడు.

సంతోషంతో ఎగిరి గంతేశాను గానీ కోపం మాత్రం దిగలేదు. నేరుగా ట్యాంకరు దగ్గరికి పోయాను.

"గంట ఆగమంటే అప్పుడే ఎందుకొచ్చినవ్ బాపూ? అంత పని ఖరాబ్ చేస్తుంటివి గద!"

బాపు తలెత్తకుండా నల్లా విప్పుతున్నాడు.

"ఆట బంద్ జేస్తరంటివి గద బిడ్డా. నువ్వు ఆడంగ ఒక్కసారన్న సూడకపోతినాయె అని..."