సబ్ఇన్‌స్పెక్టర్ రెండో రివాల్వర్

నిజామాబాద్‌లో జిల్లా పోలీసుల ఆయుధాల గదికి నేను చాలా ఏళ్లు జమేదారుగా ఉన్నాను. తుపాకులు విప్పడం, తుడవడం, నూనె పెట్టడం, మళ్లీ బిగించడం నా పని. సర్వీసంతా తుపాకుల మధ్యే గడిచినా మనిషి మీద ఒక్క తూటా కూడా కాల్చలేదు. అయినా పంతొమ్మిది వందల అరవైల నడుమ జరిగిన ఒక సంగతి మాత్రం నా చేతి మీదుగానే జరిగినట్టు అనిపిస్తుంది.

బోధన్ దగ్గర ఒక ఠాణాకు కొత్తగా వచ్చిన సబ్ఇన్‌స్పెక్టర్ ఒకనాడు పొద్దున్నే మా గదికి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, సన్నటి మనిషి, మాట నెమ్మది. ఆ రోజుల్లో చెరుకు బండ్ల దారిలో ఒక దొంగ నాటు తుపాకి చూపించి బండ్లవాళ్లను దోచుకుంటున్నాడు. వాడి కోసం తిరుగుతుంటే ఈయన సర్కారు రివాల్వర్ బిగుసుకుపోయిందట. విప్పి చూస్తే లోపల మన్నూ, చెరుకు ఆకు నుసీ. శుభ్రం చేసి ఇచ్చాను. ఆయన మనసు మాత్రం కుదుటపడలేదు.

"జమేదార్ సాబ్, సొంతానికి ఇంకోటి కొందామనుకుంటున్న. లైసెన్సుకు కలెక్టరాఫీసుల దరఖాస్తు పెట్టిన. ఏది తీసుకోవాల్నో నువ్వే చెప్పాలె" అన్నాడు.

"సర్కారుదానికి జోడీ అయ్యేది తీసుకోండ్రి సార్. ఒకే తీరు తూటా దొరకదు, సర్కారు తూటా బయట అమ్మరు. కనీసం పనిచేసే తీరు ఒక్కటే ఉండాలె" అన్నాను.

లైసెన్సు చేతికొచ్చాక మళ్లీ వచ్చాడు. వెంట ఒక ముసలి దేశ్‌ముఖ్ ఉన్నాడు. అమ్మదలచిన ఆయుధాలు రెండు ఆయనవే. ఒకటి అరచేతిలో పట్టే పిస్తోలు, వెండిలా మెరుస్తోంది. రెండోది పాత రివాల్వర్, రంగు పోయి మాసిపోయి ఉంది. సర్కారు రివాల్వర్‌కు తమ్ముడిలాంటిది. అదే పిడి, అదే బరువైన ట్రిగ్గర్, బొటనవేలితో మీట నొక్కి వంచితే అదే తీరుగా తెరుచుకుంటుంది.

దేశ్‌ముఖ్ కుర్చీలో కూర్చుని పిస్తోలునే పొగిడాడు. "జేబుల ఏసుకుంటే ఉన్నట్టే తెల్వది. మా బాపు ముచ్చటపడి తెప్పించిండు" అన్నాడు.

సబ్ఇన్‌స్పెక్టర్ కళ్లు కూడా దాని మీదే ఉన్నాయి. నేను రెండూ ఖాళీ చేసి, నేల మీద దుప్పటి పరిచాను. "మీ రివాల్వర్ పనిచేస్తలేదు అనుకోండ్రి. నేను చప్పట్లు కొట్టంగనే దాన్ని దుప్పటి మీద పడేసి రెండోది తీసి నొక్కాలె" అన్నాను.

పిస్తోలుతో నాలుగుసార్లు చేశాడు. నాలుగుసార్లూ ట్రిగ్గర్ కదల్లేదు. దానికి పక్కన ఒక చిన్న మీట ఉంటుంది, అది దించితే గాని పేలదు. ఐదోసారి మీట గుర్తొచ్చింది గాని, దాన్ని వెతుక్కోవడానికి చేతివైపు చూడాల్సి వచ్చింది. పాత రివాల్వర్‌తో మొదటిసారే ట్రిగ్గర్ టక్కుమని పడింది. పదిసార్లు చేస్తే పదిసార్లూ పడింది.

"గిదే ఇయ్యుండ్రి" అన్నాడు సబ్ఇన్‌స్పెక్టర్ దేశ్‌ముఖ్‌తో. ముసలాయన మొహం చిన్నబోయింది. పిస్తోలును రుమాలులో చుట్టుకుని లేచాడు.

రివాల్వర్‌తో పాటు దేశ్‌ముఖ్ ఇచ్చిన తూటాలు చూశాను. ఇత్తడి నల్లబడి ఉంది. "గివి పాతవి సార్. హైదరాబాద్ నుంచి కొత్తవి తెప్పించుకోండ్రి" అని చెప్పాను. సరేనన్నాడు. ఆ తర్వాత నాలుగైదు నెలల పాటు, పని మీద నిజామాబాద్ వచ్చినప్పుడల్లా మా దుప్పటి దగ్గర సాధన చేసి వెళ్లేవాడు. ఆయన వేగం చూసి నాకు గర్వంగా ఉండేది.

చెరుకు నరికే కాలం వచ్చింది. ఒక పొద్దున ఆయన వచ్చి, తలుపు దగ్గరగా వేసి, నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. మొహం పాలిపోయి ఉంది. ఎడమ చంక కింద తోలుసంచిలోంచి ఆ రెండో రివాల్వర్ తీసి నా బల్ల మీద పెట్టాడు.

"జమేదార్ సాబ్, నిన్న నేను ఒక మనిషిని కాల్చిన. పేలలేదు."

ఆయనే నెమ్మదిగా చెప్పాడు. ఆ దొంగ ఒక చెరుకు తోటలో దాగాడని కబురు రాగానే ఇద్దరు కానిస్టేబుళ్లతో వెళ్లాడట. తెల్లవారింది గాని పొగమంచు దట్టంగా ఉంది. పంటకాలువ దాటుతూ జారి నడుం దాకా బురదలో పడ్డాడు. సర్కారు రివాల్వర్ నిండా బురద. లేచేసరికి ఎదురుగా చెరుకు కదిలి, భుజం మీద పొడుగాటిదేదో పెట్టుకుని ఒక మనిషి బయటికొచ్చాడు.

"ఎప్పుడు తీసిన్నో తెల్వదు, ఎప్పుడు నొక్కిన్నో తెల్వదు. టక్కుమంది. అంతే. అవుతలి మనిషి, 'చప్పుడైతే నక్కలనుకున్న సారూ' అన్నడు. తోట కావలి ముసలాయన. భుజం మీద ఉన్నది గడ్డపార."

ముసలాయనకు ఏమీ అర్థం కాలేదట. తడిసిన సారును చూసి జాలిపడి, చెరుకాకు మంట వేసి, గొంగడి కప్పి కూర్చోబెట్టాడట. మంట దగ్గర వణుకుతుంటే చలికే అనుకున్నాడట.

నేను రివాల్వర్ తెరిచాను. ఒక తూటా అడుగున రివాల్వర్ సూది గుచ్చిన గుర్తు ఉంది, లోపలి మందు మాత్రం అంటుకోలేదు. అది దేశ్‌ముఖ్ ఇచ్చిన పాత తూటానే. కొత్తవి తెప్పించలేదు. తెప్పించి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. నా తప్పు నాకు కనిపిస్తోంది. ఆయన చేతికి తీయడం, నొక్కడం నేర్పాను. ఆగడం నేర్పలేదు.

"దీన్ని వాపసు చేసేద్దునా?" అని అడిగాడు.

"వద్దు సార్. కొత్త తూటాలు తెప్పించుండ్రి. గని సాధన మార్చాలె. ముందుగాల 'ఎవరది' అని గట్టిగ అరవాలె. జవాబు ఇనాలె. అటెన్కనే చెయ్యి కదలాలె."

వారం తిరక్కుండానే ఆ దొంగ రాష్ట్ర సరిహద్దు అవతలి పోలీసులకు చిక్కాడు, ఎవరూ ఒక్క తూటా కూడా కాల్చకుండానే. మా సాధన మాత్రం ఆగలేదు. గోడకు ఆనించిన గడ్డపార ముందు నిలబడి సబ్ఇన్‌స్పెక్టర్ "ఎవరది!" అని గొంతు చించుకుని అరిచేవాడు. మొదట్లో సిగ్గుపడి మెల్లగా అనేవాడు. "ఇనవడ్తలేదు సార్" అనేవాణ్ని. కిటికీ దగ్గర కానిస్టేబుళ్లు చేరి నవ్వేవాళ్లు. ఆ అరుపు ఎందుకో వాళ్లకు మేమిద్దరం ఎప్పుడూ చెప్పలేదు.